తాళం ఫ్లాపీ

ప్రకాశం చేతులకు బేడీలు వేయించింది ఒక సంతకం. ఆ సంతకం తనది. రేవణసిద్ధప్ప మున్సిఫ్ కోర్టు మెట్లెక్కుతున్నాడు.

1988 ఆగస్టు 25, గురువారం. ఉదయం తొమ్మిదీ నలభై. పద్నాలుగు రోజుల రిమాండు పూర్తయి ముద్దాయిని సంగారెడ్డి జైలు నుంచి జహీరాబాదు తెచ్చారు. కేసు పిలిచేది మధ్యాహ్నం రెండు దాటాకే. అంతవరకు మాట్లాడుకోనివ్వడానికి కానిస్టేబుల్ ఒప్పుకున్నాడు. పాత పరిచయం.

రేవణసిద్ధప్ప ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖలో దొంగ దస్తావేజులు పరీక్షించిన మనిషి. ఏ ఉత్తరం ఏ టైపు మిషన్ మీద కొట్టారో అక్షరాల అరుగుదల చూసి చెప్పేవాడు. ఉద్యోగం మానుకున్నాక బీమా కంపెనీల తరఫున ప్రైవేటు పరిశోధన చేస్తున్నాడు. యాభై నాలుగేళ్ళు వచ్చాయి. ఆయన రిపోర్టు తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఈ నెల తొమ్మిదో తేదీ ఉదయం పదీ నలభైకి, ఊరి బయట రామ్‌కిషన్ గేర్ల ఫ్యాక్టరీలో, నర్సింలు అనే కార్మికుడి కుడిచెయ్యి మణికట్టు దాకా తెగిపోయింది. గేర్లకు పళ్ళు కోసే మెషిన్ అది. ఒక గేరు కాగానే ఆగాలి. నర్సింలు అది తీసి, ఇంకొకటి ఎక్కించి, ఆకుపచ్చ బటన్ నొక్కితేనే కట్టర్ మళ్ళీ దిగాలి. ఆ రోజు నొక్కకుండానే దిగింది. మెషిన్‌కు హుకుం ఇచ్చే కాగితం టేపులో ‘బటన్ కోసం ఆగు’ అన్న మాట లేదు. ఎవరో తీసేశారు. తీసేసి, టేపుకు సరైన సీలే వేశారు.

రెండు రోజుల్లో రేవణసిద్ధప్ప రిపోర్టు ఇచ్చాడు. ఆ సీలు వేయగలిగినవాడు కంప్యూటర్ సెక్షన్‌లోని ప్రకాశం ఒక్కడేనని రాశాడు. ఆ సాయంత్రమే పోలీసులు ప్రకాశాన్ని తీసుకుపోయారు.

నిన్న దవాఖానలో నర్సింలు అన్న మాట ఆయన్ని మళ్ళీ ఇక్కడికి నడిపించింది.

“బటన్ లేకున్న జర టైమిచ్చింది సార్. మనసుల లెక్క పెట్టుకున్న. ఎనిమిది అంకెలు. నలభై గేర్లు గట్లనే ఎక్కించిన. నలభై ఒకటోది ఇరుక్కున్నది. నన్ను ఖరాబు చేద్దామనుకున్నోడు ఎనిమిది అంకెలు ఎందుకిస్తడు?”

వరండా చివర బెంచీ మీద ప్రకాశం కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డం పెరిగింది. రేవణసిద్ధప్పను చూసి లేవలేదు.

“బాగున్నవా?”

“మీరు పంపిన జాగల బాగనే చూసుకుంటున్నరు సార్.”

రేవణసిద్ధప్ప నేరుగా విషయానికి వచ్చాడు. “ఎనిమిదో తారీఖు, సోమవారం. నాలుగు పదికి అల్మారీ తెరిచి తాళం ఫ్లాపీ తీసినవ్. నాలుగు ఇరవై అయిదుకు మళ్ళ పెట్టినవ్. రిజిస్టర్ల ఉన్నది. ఆ పావుగంటల ఎన్ని టేపులకు సీలు వేసినవ్?”

“ఒక్కటే. ముప్పై ఒకటో నంబర్. మీరడుగుడు ఇది మూడోసారి.”

“నర్సింలు మెషిన్ల దొరికిన టేపు మీద గూడ ముప్పై ఒకటే ఉన్నది.”

“పైన నంబర్ రాసేదానికి పెన్ను చాలు సార్.”

“సీలుకు పెన్ను చాలదు గదా.”

ఈ సీలు లక్కతో వేసేది కాదు. టేపు చివర పదహారు అంకెల సంఖ్య. టేపులోని రంధ్రాలన్నిటినీ, ఫ్యాక్టరీకి ఇచ్చిన ఒక రహస్య నంబరునూ కలిపి కంప్యూటర్ ఆ సంఖ్యను కట్టి ఇస్తుంది. మెషిన్ దగ్గర అదే రహస్య నంబరు ఉంటుంది. అది తనూ లెక్క కట్టుకుని, కుదిరితేనే కదులుతుంది. రంధ్రం ఒక్కటి తేడా వచ్చినా మొరాయిస్తుంది. ఆ రహస్య నంబరు ఉండేదే తాళం ఫ్లాపీ. అందులోని రాత మెషిన్ అమ్మిన బొంబాయి కంపెనీ సొంత పద్ధతిది. కంపెనీ టెర్మినల్ మీద, కంపెనీ ప్రోగ్రాంతో, పాస్‌వర్డ్ కొడితే తప్ప విప్పలేమని కంపెనీ చెప్పింది. రేవణసిద్ధప్ప ఆ మాటనే తన రిపోర్టులో రాశాడు.

“నువ్వు ఇంకో ప్రోగ్రాం తయారు చేసినవ్, ముద్ర అని.”

“చేసిన. ఏ కంప్యూటర్ మీదైన నడుస్తది. రాసిన ప్రతి లైనూ అచ్చు కొట్టి దాంతోనే ఇస్త. ఎవరన్న చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు. బాలానగర్ల, బీదర్ల, షోలాపూర్ల గూడ వాడుతున్నరు.”

“దాన్ని కంపెనీ ఫ్లాపీ చదివేటట్టు ఎందుకు చేసినవ్? నీకు నీ సొంత పద్ధతి ఉన్నది గదా. వాళ్ళ పెట్టెల చెయ్యి పెట్టే పనేంది?”

ప్రకాశం మొదటిసారి తలెత్తి సూటిగా చూశాడు.

“గదే మాట బాలానగర్ దోస్తు రాసిండు సార్. వాళ్ళ బంద్ పెట్టెకు మనం దారేస్తే వాళ్ళకే బలమొస్తది, వద్దన్నడు. నెల రోజులు సోంచాయించిన. కాని అందరి నంబర్లు ఆ పెట్టెలనే ఉన్నయి. అది తెరవకుంట ముద్రకు రమ్మంటే ఎట్లొస్తరు? తమ నంబర్ తాము తీసుకునేటందుకు ఎవరి పర్మిషన్ కావాలె? అందుకే రాసిన. రాస్తుంటేనే లోపల ఏమున్నదో కనపడ్డది.”

“ఏం కనపడ్డది?”

ప్రకాశం జవాబుకు బదులు తనే అడిగాడు. “నా లిస్టింగ్, ప్రోగ్రాం అచ్చు కొట్టిన కాగితాలు, పదకొండో తారీఖే మీరు ఎత్తుకపోయిన్రు గదా సార్. చదివిన్రా?”

“చదివిన,” అన్నాడు రేవణసిద్ధప్ప.

అబద్ధం. నలభై పేజీల ఆ కాగితాల మడత జీపులో, ఫైలు అడుగున, కట్టిన దారం కట్టినట్టే ఉంది. అర్థం కాదేమోనని భయపడి విప్పలేదు. అర్థం కాలేదని ఒకరి ముందు ఒప్పుకోవడం ఇంకా పెద్ద భయం. కంపెనీ ఇంజనీరు మదన్‌మోహన్ రెండు పేజీల్లో అన్నీ విడమరిచి రాసిస్తే, మాటలు అటూ ఇటూ మార్చి కింద సంతకం పెట్టాడు.

“చదివినంక గూడ నన్ను లోపలేసిన్రా?” అన్నాడు ప్రకాశం. అందులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఆయనకు ఆ ఆశ్చర్యమే ఎక్కువ గుచ్చుకుంది.

అంతలో ఒక ఆడమనిషి గిన్నె పట్టుకుని వచ్చింది. ప్రకాశం భార్య బాలమణి. తెల్లవారుజామున బయలుదేరి ఝరాసంగం నుంచి వచ్చినట్టుంది, చీర అంచుకు ఎర్రమట్టి. కానిస్టేబుల్‌ను అడిగి, జొన్నరొట్టె తుంచి భర్త చేతిలో పెట్టింది. బేడీల గొలుసు మీద పడకుండా కూర జాగ్రత్తగా వేసింది. తర్వాత రేవణసిద్ధప్ప ఖద్దరు కోటు చూసి రెండు చేతులూ జోడించింది.

“మీరు వకీలు సారా? జడ్జి సారుకు జర మీరన్న చెప్పున్రి. మా ఆయన గసొంటోడు గాదు. నర్సింలన్న దవాఖానల పడ్డనాడు ఇంటికొచ్చి బువ్వ ముట్టలేదు. ఎవరో పెద్దసారు తప్పు రాసిండట. ఆ సారుకు గూడ ఇంట్ల పిల్లలుంటరు గదా.”

ప్రకాశం ఒక్క మాట అంటే చాలు. అతను అనలేదు. తల వంచుకుని రొట్టె నములుతున్నాడు.

“పొద్దుగాల్నుంచి ఏం తిన్నరో ఏమో, ఒక్క ముక్క తీసుకోండ్రి సారూ,” అని ఆమె రొట్టె ముక్క చాపింది.

రేవణసిద్ధప్ప దాన్ని అందుకోకుండా వెనక్కి తిరిగాడు. మెట్లు దిగి జీపు వైపు నడిచాడు.

* * *

జీపులో కూర్చుని దారం తెంపాడు. తొమ్మిదో పేజీ మధ్యలో, లెక్కల వరసల నడుమ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కనిపించాయి. ప్రోగ్రాం చదివేవాళ్ళ కోసం ప్రకాశం రాసి పెట్టిన గమనిక.

‘జాగ్రత్త. కంపెనీ ఫ్లాపీలో పాస్‌వర్డ్ తలుపుకు మాత్రమే. లోపలి నంబరుకు తాళం లేదు, ఉన్నది ఉన్నట్టే రాసి ఉంది. పాస్‌వర్డ్ అడగకుండానే ఈ ప్రోగ్రాం చదువుతుంది. కంపెనీకి ఉత్తరాలు రాశాను: మార్చి 3, ఏప్రిల్ 11, జూన్ 20. జవాబు లేదు. మీ నంబరు మార్చుకుని ముద్ర ఫ్లాపీలో పెట్టుకోండి. పాతది చెరిపేయండి.’

అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. స్కూలు పిల్లలు చదివినా తెలుస్తుంది. ‘పాస్‌వర్డ్ తెలిసినవాడు ఒక్కడే కాబట్టి సీలు వేసినవాడూ అతడే’ అన్న తన రిపోర్టు రెండో పేజీ ఆ గమనిక ముందు నిలబడదు. కాగితాలు మడిచి జీపు స్టార్ట్ చేశాడు.

పదకొండూ పదికి ఫ్యాక్టరీ గేటు దాటాడు.

కంప్యూటర్ గదిలో ముగ్గురున్నారు. యజమాని రామ్‌కిషన్; ప్రకాశం కింద పనిచేసే ఆపరేటర్ భాగీరథి; ఆమె కుర్చీ వెనక చేతులు కట్టుకుని మదన్‌మోహన్. ఇస్త్రీ చొక్కా, జేబుకు కంపెనీ బ్యాడ్జి. రేవణసిద్ధప్పే నిన్న ఫోన్ చేసి అతన్ని హైదరాబాదు నుంచి పిలిపించాడు.

“కేసు అయిపోయింది కదా సార్,” అన్నాడు మదన్‌మోహన్ గడియారం చూసుకుంటూ. “హుమ్నాబాద్‌ల పనుండె నాకు. ఎందుకు పిలిచిన్రు?”

“చెప్త. భాగీరథమ్మా, నీ పంచ్ మెషిన్ మీద ఒక టేపు కొట్టు. ఏదైన సరే, మూరెడు చాలు. పాత టేపు గూడ ఒకటి తియ్యి, మే నెలది.”

పంచ్ మెషిన్ టకటకమంది. రేవణసిద్ధప్ప బల్ల దగ్గర కూర్చుని సంచిలోంచి కవరు తీశాడు. పరీక్ష కోసం పోలీసులు తన దగ్గర ఉంచిన టేపు. నర్సింలు చెయ్యి తీసుకున్న టేపు. పద్నాలుగు రోజులుగా కవరు మీది లక్క పగలలేదు. ఇరవై రెండేళ్ళు కాగితాలు చూసి బతికిన తాను ఈ కాగితాన్ని చూడలేదు. కంప్యూటర్ అన్న పేరు విని కాగితాన్ని మరిచాడు.

భూతద్దం కంటికి ఆనించాడు. ముందు మే నెల టేపు. తర్వాత భాగీరథి ఇప్పుడే కొట్టింది. చివరకు కవరులోది. ఆయనకు నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషాన్ని పదకొండో తేదీనే కేటాయించి ఉంటే ఒక మనిషి ఇంట్లో ఉండేవాడు.

“రామ్‌కిషన్ సాబ్, ఇట్ల రాండ్రి. మీ పంచ్ మెషిన్ల మూడో వరస సూది అరిగింది. మీ టేపులన్నిట్ల మూడో వరస రంధ్రం అంచుకు చిన్న చిరుగు ఉన్నది. మే నెల టేపుల ఉన్నది, ఇయ్యాల కొట్టినదాంట్ల గూడ ఉన్నది. ఇగ ఈ టేపు చూడున్రి.”

రామ్‌కిషన్ వంగి చూశాడు. “దీంట్ల లేదు. గుండ్రంగ ఉన్నయి.”

“ఈ టేపు మీ ఫ్యాక్టరీల పుట్టలేదు.”

రామ్‌కిషన్ టేపును కిటికీ వెలుగుకు పట్టి మళ్ళీ చూశాడు.

మదన్‌మోహన్ నవ్వాడు. “బయట కొట్టుకొచ్చిండు. అంతే కదా? తన దొంగ ప్రోగ్రాంతో మా ఫ్లాపీ నుంచి నంబర్ గుంజిండు, బయట ఎక్కడో సీలు వేసుకున్నడు. మీ రిపోర్టు ఇంకా గట్టి పడ్డది సార్.”

“పాస్‌వర్డ్ లేకుంట నంబర్ గుంజొచ్చని మీరు ఇప్పుడు ఒప్పుకుంటున్నరు. రిపోర్టుకు మీరు రాసిచ్చిన కాగితంల గుంజలేరని ఉన్నది.”

“అది... అతనికి పాస్‌వర్డ్ తెలుసు కాబట్టి.”

“మీకు మూడు ఉత్తరాలు రాసిండు. మార్చి మూడు, ఏప్రిల్ పదకొండు, జూన్ ఇరవై.”

“ఎవరెవరో రాస్తుంటరు. దేశంల ప్రతి మెకానిక్‌కూ జవాబు చెప్పుకుంట కూర్చుంటే కంపెనీ నడవదు. సార్, మీకు కాగితాలు తెలుసు, ఒప్పుకుంట. కంప్యూటర్ సంగతి మీకు తెలియదు. అందుకే కదా ఆ రోజు నన్ను అడిగిన్రు.”

రామ్‌కిషన్ గిర్రున తిరిగి రేవణసిద్ధప్ప ముఖంలోకి చూశాడు. భాగీరథి కీబోర్డు మీద చూపు దించుకుంది. కాదనడానికి ఒక అబద్ధం రేవణసిద్ధప్ప నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున ఒకటి ఆడాడు. రెండోది మింగేశాడు.

“నిజమే. తెలియదు. మీరు రాసిచ్చిందే నకలు చేసి నా పేరు పెట్టుకున్న. ఇప్పుడు తెలుసుకుందామనే వచ్చిన. మీ బ్యాగుల మీ తాళం ఫ్లాపీ ఉంటది గదా? గిరాకీలకు చూపెట్టేటందుకు?”

“డెమోది. ఉన్నది. అయితే?”

“ఇయ్యిన్రి. ముద్రతోని చదివిద్దాం.”

“ఆ ప్రోగ్రాం కేసుల సాక్ష్యం. దాన్ని ముట్టుకుంటనే నేరం.”

“సాక్ష్యం నా కస్టడీల ఉన్నది. ఏదన్నైతే నేనే జైలుకు పోత. మీ ఫ్లాపీ పాస్‌వర్డ్ మీకు తప్ప ఎవరికీ తెలియదు గదా?”

“నా భార్యకు గూడ తెలియదు.”

“మరి ఫికర్ ఎందుకు?”

మదన్‌మోహన్‌కు పౌరుషం వచ్చింది. బ్యాగు జిప్పు లాగి నల్లని ఫ్లాపీ తీసి బల్ల మీద పడేశాడు. “చదువుకోండి. పొద్దుమూకేదాక కూర్చున్నా మీకు అంకె ఒకటి రాదు.”

పన్నెండూ అయిదు. రేవణసిద్ధప్ప తీసిచ్చిన ముద్ర ప్రోగ్రాం ఎక్కించి, భాగీరథి మొదట ఫ్యాక్టరీ తాళం ఫ్లాపీ పెట్టింది. ముద్ర పాస్‌వర్డ్ అడగలేదు. ప్రింటరు గరగరలాడి ఒక వరస వదిలింది. పదహారు అంకెలు. ఆ ఫ్లాపీ తీసి మదన్‌మోహన్‌ది పెట్టింది. మళ్ళీ పాస్‌వర్డ్ అడగలేదు. ప్రింటరు రెండో వరస వదిలింది.

మదన్‌మోహన్ చేతులు విప్పి ఒక అడుగు ముందుకు వేశాడు. “అడగలేదేంది? అడగాలె కదా... మా వాళ్ళు చెప్పింది...” ఆ క్షణంలో అతను నటించడం లేదని రేవణసిద్ధప్పకు అర్థమైంది. కంపెనీ తాళాన్ని అందరికంటే ఎక్కువ నమ్మింది ఈ మనిషే.

భాగీరథి కాగితం చించి, రెండు వరసల మీద వేలు పెట్టి ఒక్కో అంకె పోల్చింది. పదహారోది దాటాక వేలు అక్కడే ఉంచింది.

“సార్. రెండూ ఒకటే.”

రామ్‌కిషన్ కాగితం లాక్కున్నాడు. “ఇది మా నంబర్. మా ఒక్కళ్ళకే ఇచ్చినమన్నరు. ఈ పిల్లగాని బ్యాగుల ఎందుకున్నది?”

“అందరికీ ఒకటే ఇస్తున్నరు కాబట్టి,” అన్నాడు రేవణసిద్ధప్ప. “మదన్‌మోహన్, ఎనిమిదో తారీఖు సాయంత్రం మీరు ఇక్కడనే ఉన్నరు. గేటు రిజిస్టర్ల అయిదు ముప్పావుకు బయటికి పోయినట్టున్నది. ప్రకాశం నాలుగు ఇరవై అయిదుకు టేపు డబ్బాల పెట్టి పోయిండు. ఆ గంటా ఇరవై నిమిషాలల్ల డబ్బాల ఉన్నది తీసి ఇది పెట్టిన్రు. ఎనిమిది సెకన్లు ఎవరి లెక్క?”

మదన్‌మోహన్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“గంటకు పది గేర్లు ఎక్కువ వస్తయి సార్. బటన్ కోసం ఆగుడే టైం తింటది. ఒక్క రోజు నడిస్తే, మా కొత్త ప్రోగ్రాంతోనే పెరిగిందని చూపిద్దామనుకున్న. హైదరాబాద్‌ల నేనే నిలబడి చేసి చూసిన. ఎనిమిది సెకన్లు చాలు అనిపించింది. డెమో ఫ్లాపీతో సీలు వేస్తే ఏ ఊర్లో మెషిన్ అయినా తీసుకుంటుండె. సర్వీసోళ్ళకు కంపెనీ ఇచ్చిన సౌలత్ అనుకున్న.”

“నర్సింలుకు చెప్పలేదు.”

“చెప్తే భయపడతడనుకున్న.” అతను రెండు అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. “ప్రమాదం అయినంక చెబుదామనే వచ్చిన. మీరు నన్నే అడిగిన్రు, ఎట్ల జరిగి ఉంటదని. నేను రాసిచ్చిన. మీరు సంతకం పెట్టిన్రు. ఇగ అది నిజమే అయిపోయింది.”

రామ్‌కిషన్ చెయ్యెత్తాడు. రేవణసిద్ధప్ప మధ్యలో నిలబడ్డాడు. కొట్టే హక్కు ఈ గదిలో ఎవరికైనా ఉంటే, ఆ దెబ్బ ముందు తనకు పడాలి. మాట మాత్రం వేరేది వచ్చింది.

“ఈ టేపు ఇంకెక్కడ ఇచ్చిన్రు?”

మదన్‌మోహన్ ముఖం అరచేతుల్లోనే ఉంచాడు.

“పొద్దుగాల హుమ్నాబాద్ల పనుండె అన్నరు. ఏం పని?”

“గురులింగప్ప గారి ఫ్యాక్టరీ,” అన్నాడు మదన్‌మోహన్ ముఖం ఎత్తకుండా. “జూలై నెలాఖరున ఇచ్చిన, కొత్త టేపు అని. వాళ్ళ మెషిన్ రిపేరుల ఉండె, వాడలేదు. అందుకే ఊకున్న. మొన్న పార్టు వచ్చి మెషిన్ బాగైందట. ఇయ్యాల పొద్దున పోయి చప్పుడు చేయక టేపు తెచ్చుకుందామనుకున్న. మీరు ఇక్కడికి పిలిచిన్రు.”

* * *

హుమ్నాబాద్‌కు అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్ బుక్ చేశారు. ఎంత లైట్నింగ్ అయినా లైను దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో రేవణసిద్ధప్ప రెండు పనులు చేశాడు. మదన్‌మోహన్ చెప్పిందంతా అతని చేతనే రాయించి, ఈసారి ప్రతి వాక్యం తను చదివి, అర్థం కానిచోట అడిగి, తర్వాతే సాక్షి సంతకం పెట్టాడు. ఆ కాగితం, ప్రింటరు వదిలిన రెండు వరసలు, మూడు టేపులు, లిస్టింగ్ అన్నీ ఒక సంచిలో పెట్టి భాగీరథికి ఇచ్చాడు.

“కోర్టుకు పో అమ్మా. ప్రకాశం వకీలు చేతికియ్యి. ప్రకాశానికి ఒక మాట చెప్పు. పొద్దుగాల సార్ అబద్ధమాడిండు, నీ లిస్టింగ్ అప్పటికి చదవలేదు అని చెప్పు. బాలమణి వినేటట్టు చెప్పు. తప్పు రాసిన పెద్దసారు నేనేనని గూడ చెప్పు.”

భాగీరథి ఆయన వైపు ఒకసారి చూసి, సంచి భుజానికి వేసుకుని వెళ్ళిపోయింది.

ఒంటిగంటా పదికి ఫోన్ మోగింది. అవతల గురులింగప్ప. అతని వెనక నుంచి మెషిన్ హోరు తీగ వెంట స్పష్టంగా వస్తోంది.

“సార్, మీ మెషిన్ నడుస్తున్నదా? వెంటనే ఆపున్రి,” అన్నాడు రేవణసిద్ధప్ప కన్నడంలో. “కంపెనీ ఇచ్చిన కొత్త టేపు ప్రమాదం. ఇక్కడ ఒకరి చెయ్యి పోయింది.”

“తెలుసు. రిపోర్టు వచ్చింది గదా,” అన్నాడు గురులింగప్ప తాపీగా. “కంపెనీ అందరికీ కాపీలు పంపింది. ‘కంపెనీ సీలు ఉన్న టేపులు క్షేమం, ప్రకాశం ప్రోగ్రాంతో సీలు వేసినవి వాడవద్దు’ అని ఉంది. గోడకు అంటించుకున్నాం. పోలీసు శాఖలో పెద్ద పేరున్న మనిషట. మీరెవరు?”

రేవణసిద్ధప్ప కళ్ళు మూసుకున్నాడు. తన రిపోర్టు అచ్చు కొట్టించి ఊరూరా పంచుతారని ఊహించలేదు. ఊహించి ఉంటే చదివి రాసేవాడా? ఆ ప్రశ్నకు జవాబు కూడా సిగ్గుగానే ఉంది.

“ఆ మనిషిని నేనే. రేవణసిద్ధప్పను.”

“అయితే మీరే రాశారు గదా!”

“నేను రాయలేదు. సంతకం పెట్టిన. అర్థం కాకుండనే పెట్టిన. గోడ మీద ఉన్నదంతా తప్పు. ఆ కాగితం చింపెయ్యిన్రి. ముందు మెషిన్ ఆపున్రి, తర్వాత నన్ను తిట్టున్రి.”

రిసీవరు బల్ల మీద పెట్టిన శబ్దం. దూరమవుతున్న అడుగులు. ఎవరినో పేరు పెట్టి కేకవేశాడు. మెషిన్ హోరు సాగుతూనే ఉంది. రామ్‌కిషన్, మదన్‌మోహన్ ఆయన ముఖం చూస్తున్నారు. రేవణసిద్ధప్ప రిసీవరు చెవికి నొక్కుకుని నిలబడ్డాడు.

హోరు సన్నగిల్లి, ఆగింది.

“ఆపించినాను,” గురులింగప్ప ఆయాసపడుతున్నాడు. “మా మెషిన్ మీద పాత టేపే నడుస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. కొత్తది నా దగ్గర లేదు సార్.”

“మరి?”

“మేము ఇవాళ మధ్యాహ్నం రెండింటి షిఫ్టులో వాడదామనుకున్నాం. కానీ నిన్న మా చెల్లెలు వచ్చింది, సీతాబాయి. చిరాగ్‌పల్లిలో షెడ్డు వేసుకుని సెకండ్ హ్యాండ్ మెషిన్ పెట్టింది. అదే కంపెనీ మెషిన్. ఆర్డరు తొందరగా తెగాలంటే, ఇది తీసుకుపో, గంటకు పది గేర్లు ఎక్కువ వస్తాయి అని నేనే ఇచ్చినాను. వేరే ఫ్యాక్టరీ సీలు తన మెషిన్ తీసుకుంటుందా అని అనుమానపడింది. పొద్దున కబురు పంపింది, తీసుకుందట.”

“మెషిన్ మీద ఎవరు నిలబడతరు?”

“ఇంకెవరు? మా చెల్లెలే నిలబడుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెడతానన్నది.” “అక్కడ ఫోన్ లేదు సార్. నేను ఇక్కడి నుంచి బయలుదేరితే గంట పడుతుంది.”

చిరాగ్‌పల్లి ఇక్కడికి పదిహేను నిమిషాల దారి. గోడ గడియారంలో ఒంటిగంటా పద్దెనిమిది.

రేవణసిద్ధప్ప రిసీవరు రామ్‌కిషన్ చేతిలో పడేసి, “చిరాగ్‌పల్లి, సీతాబాయి షెడ్డు!” అని అరిచి పరుగెత్తాడు. జీపు తలుపు తీసేసరికి అవతలి వైపు నుంచి మదన్‌మోహన్ ఎక్కి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి అంటుకుంది.

“దిగు.”

“ఆ మెషిన్‌కు ఆపే ఎర్ర బటన్ పని చేయదు సార్, సర్వీసుకు పోయి చూసిన. పాత మోడల్. వెనక పెట్టె విప్పి తీగ లాగితేనే ఆగుతది. అది మీకు తెలియదు.”

రేవణసిద్ధప్ప అతని ముఖంలోకి చూశాడు. నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి పదహారు అంకెలూ లేవు, భూతద్దానికి ఆనేదీ ఏమీ లేదు.

“నాకు తెలియదు,” అన్నాడు. “దారిపొడుగునా చెప్పు. ఏ పెట్టె, ఏ రంగు తీగ. నాకు అర్థమయ్యేదాక చెప్పు.”

జీపు గేటు దాటి హైవే మీదికి ఎక్కింది. ముందు లారీల వరస, చిరాగ్‌పల్లి వైపే. రేవణసిద్ధప్ప హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు.